బండ మీద బాతు

“సార్, మా బాతు కుంటుతా ఉంది. కాలి కింద నల్లగా ఆనెకాయ మాదిరి ఏందో లేసింది. ఏం మందు ఎయ్యల్ల?”

పత్తికొండ లాంటి ఊళ్ళో ఈ ప్రశ్న వింటే పక్కనున్నవాళ్ళు నవ్వుతారు. గొర్రె గురించి అడిగితే సరే, కోడి గురించి అడిగితే సరే. ఎండాకాలం వస్తే ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టే చోట బాతేమిటని వాళ్ళ నవ్వు. నెల్లూరు వైపో గోదావరి వైపో అయితే వరికోతలు కాగానే బాతుల మందల్ని మడి నుంచి మడికి తోలుకుపోయేవాళ్ళు కనిపిస్తారు. రాలిన గింజ, నత్త, పురుగు ఏరుకుంటూ ఆ బాతులు బురదలోనే బతికేస్తాయి. మన దగ్గరికి వచ్చేవి మందలు కావు, పిల్లల మారాం పడలేక నాన్న అట్టపెట్టెలో తెచ్చిన జత. నాలుగు నెలలు తిరిగేసరికి పెరడంతా వాటి అరుపే. ఆ తర్వాత ఒకరోజు జతలో ఒకటి ఒంటికాలి మీద నిలబడుతుంది. అదిలిస్తే రెండడుగులు వేసి కూలబడుతుంది.

కాలు తిప్పి చూస్తే అరికాలి మెత్తటి భాగంలో శనగగింజంత నల్లటి పొక్కు, దాని చుట్టూ ఎరుపు, వాపు. దీన్ని ఇంగ్లీషులో బంబుల్‌ఫుట్ అంటారు, వైద్య పుస్తకాలు పోడోడెర్మటైటిస్ అంటాయి. ఊళ్ళోవాళ్ళు ఆనెకాయతో పోల్చారు కాబట్టి మనం ‘ఆనెపుండు’ అందాం. పైకి ఆనె, లోపల పుండు. ఏం మందు వేయాలన్న ప్రశ్నకు జవాబు ఉంది. కాకపోతే ఆ మందులో మొదటి మోతాదు కాలికి కాదు, నేలకు పడాలి. ఎందుకో చూద్దాం.

బురదకు పుట్టిన కాలు

కోడిపెట్ట కాలు గట్టి వేళ్ళతో, గోళ్ళతో గునపంలా ఉంటుంది. దిబ్బ తవ్వడానికే పుట్టింది అది. బాతు కాలు అలా కాదు. మూడు వేళ్ళ మధ్య పల్చటి తోలు పరదా, అడుగున మెత్తటి చర్మం. నీళ్ళలో అది తెడ్డు. బురదలో దిగబడకుండా ఆపే పలక కూడా అదే. పలక పని చేయాలంటే కింద నేల కొంచెం లొంగాలి. బురద లొంగుతుంది. వేళ్ళ సందుల్లోకి, పరదా కిందికి ఉబికి కాలంతటినీ పట్టుకుంటుంది. బాతు బరువు అరికాలంతా పంచుకుంటుంది.

ఇప్పుడు అదే బాతును మన పెరట్లో నిలబెట్టండి. కర్నూలు, కడప జిల్లాల్లో ఇంటి ముందూ వెనకా పరిచేది బేతంచెర్ల బండో, కడప బండో. నాపరాయి కోటిమంది తొక్కినా లొంగదు. బాతు కాలు దానిమీద మొత్తంగా ఆనదు. వేళ్ళ కణుపుల కింద, అరికాలి నడుమ ఉండే నాలుగైదు గుబ్బలు మాత్రమే ఆనుతాయి. మూడు కిలోల బరువంతా ఆ గుబ్బల మీదే. నులక మంచం మీద పడుకున్నప్పుడు నులక మీ ఒంటి వంపుల్ని బట్టి వంగుతుంది, తెల్లవారినా నొప్పి తెలియదు. దిండూ దుప్పటీ లేకుండా వట్టి బండ మీద పడుకుంటే తెల్లారేలోగా తుంటి, భుజం, మడమ గుర్తుకొస్తాయి. బాతుకు ప్రతి రోజూ ఆ రాత్రే.

నొప్పితో ఆగిపోతే బాగుండేది. ఒక చోట ఒత్తిడి ఎడతెగకుండా ఉంటే ఆ చోటి సన్నటి రక్తనాళాలు నలిగి మూసుకుపోతాయి. చేనికి నీళ్ళు పోయే పైపు మీద ఎవరో కాలు పెట్టి నిలబడినట్టే. రక్తం అందని కండ, చర్మం మెల్లగా చచ్చుబడతాయి. నెలల తరబడి మంచాన పడ్డ ముసలివాళ్ళకు నడుము కింద పుండ్లు పడేది ఇందువల్లనే. షుగరు ఉన్నవాళ్ళ అరికాలి పుండులోనూ ఈ ఒత్తిడికి పెద్ద వాటా ఉంటుంది. ఆనెపుండు వాటికి దాయాది. జంతుశాలల్లో కాంక్రీటు మీద బతికే పెంగ్విన్లకు, రాజుల కాలంలో కర్ర మీద కూర్చోబెట్టి పెంచిన వేటడేగలకు ఇదే జబ్బు వచ్చేది. సముద్రంలో ఈదే పెంగ్విన్‌కూ ఆకాశంలో తిరిగే డేగకూ ఈ బెడద తక్కువ. కట్టిపడేసి పెంచినప్పుడే ముదురుతుంది.

మన సీమ దీనికి మరో రెండు కలుపుతుంది. ఒకటి ఎండ. మే నెలలో నీడలోనే నలభై దాటే ఊళ్ళో, మధ్యాహ్నం నాపరాయి మీద మనం చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేయలేం. రెండోది పల్లేరు. వాన పడితే చాలు, ఖాళీ జాగాలన్నింటా పాకే ఆ తీగ కాయలకు ఏ పక్క పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. సైకిలు ట్యూబులకు దాని సంగతి తెలుసు. దానికి తోడు తుమ్మముళ్ళు. అప్పటికే రక్తం సరిగా అందని అరికాలికి ఒక చిన్న గీత పడితే తలుపు తెరిచినట్టే.

మరి పెరట్లో తొట్టి పెట్టి నీళ్ళు పోస్తున్నాం కదా, కాలు మెత్తబడదా? మెత్తబడుతుంది, అదే చిక్కు. బట్టలుతికిన చేతివేళ్ళు గుర్తు తెచ్చుకోండి. నానిన చర్మం ముడతలు పడి, గరుకు రాయికి తగిలితే ఇట్టే చీరుకుపోతుంది. బాతు నీళ్ళలోంచి దిగి గచ్చు మీద నడుస్తుంది. ఆ గచ్చు మీద దాని రెట్ట. బాతు రెట్ట పల్చగా నలుమూలలా పారుతుంది, దాన్నుంచి పుట్టే అమ్మోనియా చర్మాన్ని కాలుస్తుంది. నీళ్ళు మేలు చేయాలంటే వాటి పక్కన నేల పొడిగా, మెత్తగా ఉండాలి.

ద్రాక్షగుత్తి

తెరిచిన తలుపులోంచి లోపలికి పోయేది ఎవరు? ఈ ప్రశ్నకు జవాబు చాలాకాలం ఎవరికీ తెలియదు.

పత్తికొండ పేరు చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కింది ఒక చావు వల్ల. మన సీమ ఉన్న దత్త మండలాలకు ఒకప్పుడు కలెక్టరుగా చేసి, తర్వాత మద్రాసు గవర్నరైన సర్ థామస్ మన్రో 1827 జూలై 6న ఇక్కడే కలరాతో పోయాడు. ఆయన గుర్తుగా ఊళ్ళో బావి తవ్వించారు, తోపు వేయించారు. నీళ్ళ ద్వారా వచ్చే జబ్బుతో పోయిన మనిషికి బావి కట్టించడంలోని వింత అప్పటివాళ్ళకు తట్టే అవకాశం లేదు. కలరా ఎలా వస్తుందో గవర్నరుకూ తెలియదు, ఆయన వైద్యుడికీ తెలియదు. చెడ్డ గాలి అనుకునేవారు. కంటికి కనిపించని జీవులు జబ్బు తెస్తాయన్న మాట నిలబడడానికి ఇంకో యాభై ఏళ్ళు పట్టింది. కలరా క్రిమిని రాబర్ట్ కోచ్ 1884లో కలకత్తాలో తేల్చి చెప్పాడు.

దానికి కాస్త ముందు, 1880లో, స్కాట్లండులోని అబర్డీన్‌లో అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ అనే శస్త్రవైద్యుడు ఒక రోగి గడ్డలోంచి తీసిన చీమును సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. గుండ్రటి చుక్కలు కనిపించాయి, కొన్ని గొలుసులుగా, కొన్ని గుత్తులుగా. ఆ చుక్కల్ని విడిగా పెంచడానికి ఆయన వాడింది కోడిగుడ్లు. పక్షి కాలి జబ్బు గురించి చెప్పుకుంటూ ఇది దాటిపోవడం నాకిష్టం లేదు. గుత్తులుగా ఉన్నవాటికి ఆయన పెట్టిన పేరు స్టెఫిలోకాకస్. గ్రీకులో స్టెఫిలే అంటే ద్రాక్షగుత్తి. బంగారు రంగులో పెరిగే రకానికి 1884లో జర్మనీవాడు రోజెన్‌బాఖ్ ‘ఆరియస్’ అని చేర్చాడు, లాటిన్‌లో బంగారుదని అర్థం. మనం ‘పసిడిగుత్తి’ అనుకుందాం.

బాతు ఆనెపుండులో ఎక్కువసార్లు దొరికేది ఈ పసిడిగుత్తే. అది ఎక్కడి నుంచో రాదు. బాతు చర్మం మీద ఉంటుంది, నేల మీద ఉంటుంది, చాలామంది మనుషుల ముక్కుల్లోనూ ఉంటుంది. చర్మం గట్టిగా ఉన్నంత కాలం గడప బయటే కూర్చుంటుంది. అందుకే పుండు కడిగేటప్పుడు చేతికి గ్లౌజు వేసుకోమనేది, తర్వాత సబ్బుతో కడుక్కోమనేది. మీ చేతి మీది కోత కూడా దానికి తలుపే.

జున్ను లాంటి చీము

ఇక్కడ మనిషికీ పక్షికీ మధ్య ఒక తేడా ఉంది. ఇంటి వైద్యాలు ఎక్కువగా బోల్తా పడేది దాని దగ్గరే.

మనకు గడ్డ లేస్తే కొన్నాళ్ళకు పండుతుంది, మెత్తబడుతుంది, చిదిమితే చీము కారుతుంది. క్రిములతో పోరాడడానికి వచ్చిన మన తెల్ల రక్తకణాల్లో చచ్చిన కండను కరిగించే రసాలుంటాయి. చీము నీళ్ళలా ఉండేది అందుకే. పక్షుల రక్తంలో ఈ పని చేసే కణాల పేరు హెటెరోఫిల్స్. వాటిలో ఆ కరిగించే సరంజామా అంతగా లేదు. క్రిములనూ చచ్చిన కణాలనూ కలిపి గట్టి ముద్ద చేసి, చుట్టూ గోడ కట్టేస్తాయి. ఈనిన గేదె పాలతో చేసిన జున్ను ముక్కలా, పసుపు పచ్చగా, పొడిగా ఉంటుంది ఆ ముద్ద.

క్రిమిని అక్కడికక్కడే బంధించడం పక్షికి మంచి ఉపాయమే. అయితే దానివల్ల రెండు చిక్కులు. ముద్ద కారదు కాబట్టి ఎంత పిసికినా బయటికి రాదు. పిసికితే గోడ లోపలి వైపు పగిలి క్రిములు లోతుకు పోతాయి. అరికాలి చర్మం కింద నరాలు, ఎముక చాలా దగ్గరలోనే ఉంటాయి, అక్కడ కండ దాదాపు ఉండదు. ఎముకకు పట్టిందంటే ఇక ఆ కాలు కుదుటపడడం కష్టం. రెండో చిక్కు, ముద్దలోకి రక్తం పోదు. రక్తం పోనిచోటికి మింగిన మాత్ర కూడా పోదు. ఎండిన చింతపండు ముద్దను నీళ్ళలో వేసి చూడండి, పైపొర నానుతుంది, నడుమ గట్టిగానే ఉంటుంది.

మాత్రల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. 1928 సెప్టెంబరులో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పళ్ళెంలో బూజు పట్టి పెనిసిలిన్ బయటపడింది కదా, ఆ పళ్ళెంలో పెరుగుతున్న క్రిమి ఈ స్టెఫిలోకాకస్సే. మందు పుట్టిందే దాని మీద. కానీ అది ఊరుకోలేదు. పెనిసిలిన్‌కు లొంగని రకాలు వచ్చాయి. వాటి కోసం మెథిసిలిన్ తయారుచేస్తే దానికీ లొంగని రకం 1961 నాటికే ఇంగ్లండులో కనిపించింది. మెడికల్ షాపులో అడిగి తెచ్చి, రెండు రోజులు వేసి, కుంటు తగ్గిందని ఆపేసిన యాంటీబయాటిక్ ఈ క్రిమికి ట్యూషను చెప్పినట్టు.

ఇంట్లో మన పని

మొదట కాలు చూడడం నేర్చుకోవాలి. వారానికి ఒకసారి చాలు. బాతును తువ్వాలులో చుట్టి, రెక్కలు ఒంటికి అదిమి, ఒళ్ళో పెట్టుకోండి. రొమ్ము నొక్కకండి. పక్షికి మనలా ఊపిరి పీల్చే పొర లేదు, రొమ్ముఎముక ఎగసిపడితేనే గాలి లోపలికి పోతుంది. కాళ్ళు పట్టి తలకిందులుగా వేలాడదీయడం కోడికే మంచిది కాదు, బాతుకు అసలు వద్దు. రెండు అరికాళ్ళనూ మీ చేతి వెనకవైపుతో తాకి పోల్చండి. మామూలు బాతు కాలు చల్లగా తగులుతుంది. ఒకటి వెచ్చగా ఉంటే అక్కడ పోరాటం మొదలైంది.

ఎర్రబడి నున్నగా మెరుస్తూ మాత్రమే ఉంటే, లేదా చిన్న పొక్కు ఉండి వాపు లేకుంటే, అది ఇంటి వైద్యానికి లొంగే దశ. పొక్కు చుట్టూ గట్టి వాపు ఉంటే, వాపు వేళ్ళలోకో చీలమండలోకో ఎక్కితే, బాతు మేత మానితే, ఇది చదవడం ఆపి పశువుల డాక్టరు దగ్గరికి పోండి. దూరమైతే 1962కు ఫోను చేస్తే సంచార పశువైద్యశాల బండి వస్తుంది. బర్రెకే వస్తుందనుకోవద్దు, అడగండి.

ఇంటి దశలో చేసేది ఇది. గోరువెచ్చని నీళ్ళలో, మోచెయ్యి పెడితే హాయిగా ఉండేంత వేడిలో, లీటరుకు ఇరవై ముప్పై గ్రాముల ఎప్సం సాల్టు కలిపి పది పదిహేను నిమిషాలు కాళ్ళు నాననివ్వాలి. ఇంగ్లండులోని ఎప్సం ఊరి బావినీళ్ళు చేదని ఆవులు తాగలేదట, ఆ నీళ్ళు తగిలిన పుళ్ళు మాత్రం మానాయట. 1618 నాటి సంగతిగా చెప్పుకునే కథ ఇది. ఉప్పు చీమును లాగేస్తుందని చాలామంది నమ్ముతారు, నాకైతే ఆ నమ్మకం లేదు. పొక్కును నానబెట్టడం, మురికి వదిలించడం, ఆ పది నిమిషాలు కాలి మీద బరువు లేకుండా చేయడం, ఇవి మాత్రం ఖాయంగా జరుగుతాయి. ఆ మాత్రానికే విలువ ఉంది. దీన్నే భేదిఉప్పు అంటారు కాబట్టి బాతు ఆ నీళ్ళు తాగకుండా చూసుకోండి. ఇంకో మాట: పత్తి ఆకు ఎర్రబడితే కొట్టే మెగ్నీషియం సల్ఫేటు కూడా పేరుకు ఇదే, కానీ ఎరువుల అంగడి సంచిలోది పుండుకు పనికిరాదు. మందుల షాపులోది తెచ్చుకోండి.

తర్వాత మెత్తటి గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. పొవిడోన్ అయోడిన్ ద్రావణాన్ని నీళ్ళతో పల్చటి టీ రంగు వచ్చేదాకా పలచన చేసి పుండు కడగాలి. చిక్కగా పోస్తే ఎక్కువ పని చేస్తుందనుకోవడం పొరపాటు, కొత్తగా పుడుతున్న చర్మాన్ని కూడా చంపుతుంది. నురగలు చూసి మురిసిపోయే హైడ్రోజన్ పెరాక్సైడుదీ అదే సంగతి.

కట్టు కట్టడంలో ఒక కిటుకు ఉంది. నీళ్ళ బిందె నెత్తిన పెట్టుకునేవాళ్ళు కింద చుట్టకుదురు పెట్టుకుంటారు కదా. బరువు నడినెత్తిన పడకుండా చుట్టూ పంచుకుంటుంది. మెత్తటి స్పంజిని రూపాయి బిళ్ళ కంటే కొంచెం పెద్దగా, నడుమ చిల్లితో అలాగే కత్తిరించండి. పుండు మీద గాజుగుడ్డ పెట్టి, దాని మీద చిల్లి పుండుకు ఎదురుగా వచ్చేలా ఈ కుదురు పెట్టి, వేళ్ళ మధ్యగా అడ్డంగా నిలువుగా తిప్పుతూ బ్యాండేజీ చుట్టండి. బిగించొద్దు. గంట తర్వాత వేళ్ళు ఉబ్బితే విప్పి మళ్ళీ కట్టాలి. తడిస్తే మార్చాలి, తడవకపోయినా రోజుకోసారి మార్చాలి. తడి కట్టు కంటే కట్టు లేకపోవడమే నయం.

వద్దనాల్సినవి కొన్ని. ముల్లు తీయడానికి జిల్లేడు పాలు వేసే అలవాటు మనకుంది. అది చర్మాన్ని కాలుస్తుంది, బాతు ముక్కుతో కాలు దువ్వుకుంటుంది కాబట్టి కళ్ళలోకీ కడుపులోకీ పోతుంది. కిరోసిను కూడా అంతే. జింకు కలిసిన తెల్లటి పూతమందులూ ఈ కారణంగానే వద్దు. పసుపు పైన పూస్తే పెద్ద హాని లేదు, కానీ జున్నుముద్ద దాకా అది చేరదు. బ్లేడు అసలే వద్దు. వీడియోల్లో పొక్కు ఊడదీసి ముద్ద లాగడం తేలిగ్గా కనిపిస్తుంది. డాక్టరు అయితే మత్తు ఇచ్చి, నరం ఎక్కడ పోతుందో తెలిసి కోస్తాడు. ముద్దలో కొంచెం తీసి ఏ మందుకు లొంగుతుందో పరీక్షకు పంపగలడు. మందు ఇస్తే ఎన్నాళ్ళు గుడ్లు తినకూడదో అడిగి తెలుసుకోండి. గుడ్డులోకి ఆ మందు పోతుంది.

ఇక అసలు మందు, నేల. బాతు తిరిగే జాగాలో బండల మీద నాలుగంగుళాల మందాన వరిగడ్డో, ఏటి ఇసుకో వేయండి, మీద నీడ కట్టండి. గోనెపట్టలు పరిచినా సరే, రోజూ మార్చగలిగితే. పత్తికొండలో తేలిగ్గా దొరికేది బుడ్డల (వేరుశనగ) పొట్టు. బాగా ఎండినదైతే మెత్తటి పరుపే. బూజు వాసన వస్తే మాత్రం దగ్గరికి రానివ్వొద్దు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు, వాటితోపాటు బాతుపిల్లలు చచ్చిపోతే కారణం వెతుకుతూ పోయి బూజుపట్టిన వేరుశనగ పిండిలో అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని కనుక్కున్నారు. ఆ విషానికి పెంపుడు పక్షులన్నింటిలో ముందు లొంగేది బాతుపిల్ల.

నీళ్ళు తక్కువే, నిజమే. అయినా రోజుకు అరగంట బాతు తేలేంత లోతున్న తొట్టి ఒకటి కావాలి. తేలుతున్న బాతు కాళ్ళ మీద బరువు సున్నా. నలిగిన రక్తనాళాలు తెరుచుకోవడానికి అంతకు మించిన విశ్రాంతి లేదు. మార్చేటప్పుడు ఆ నీళ్ళు కరివేపాకు చెట్టుకు పోయండి, దాని రెట్టతో సహా. పుండు పచ్చిగా ఉన్న రోజుల్లో మాత్రం తొట్టి నీళ్ళు ఏ రోజువి ఆ రోజే.

గింజలో లోటు

నూకలు మాత్రమే, జొన్నలు మాత్రమే తిని పెరిగిన బాతుకు చర్మం త్వరగా చెడుతుంది. విటమిన్ ఎ తక్కువైతే అరికాలి చర్మం మొద్దుబారి పగుళ్ళిస్తుంది. మునగాకు, పచ్చ మొక్కజొన్న, ఏ ఆకుకూర తరిగి వేసినా ఆ లోటు తీరుతుంది. నియాసిన్ అనే ఇంకో విటమిన్ బాతుపిల్లకు కోడిపిల్ల కంటే చాలా ఎక్కువ కావాలి. కోడిపిల్లల దాణాతో సరిపెడితే కాళ్ళు వంకరపోతాయి. వంకర కాలు ఒక పక్కే ఆనుతుంది, అక్కడే పుండు పడుతుంది. ఈ నియాసిన్ లోటు మనుషులకూ వచ్చేది. జొన్న ఎక్కువగా తినే దక్కన్ పల్లెల్లో పెలాగ్రా అనే చర్మరోగం ఎందుకొస్తుందని హైదరాబాదులో వెతికిన సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య, జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ నియాసిన్ పనికి అడ్డుపడుతుండవచ్చని 1960లో ప్రతిపాదించారు. ఆ మాట మీద తర్వాత చాలా వాదన నడిచింది. బాతు వరకైతే ఈస్టు పొడి మేతలో కలిపితే చాలు.

బరువు కూడా చూసుకోవాలి. పిల్లలు ముద్దుగా పెట్టే బిస్కెట్లు, అన్నం ముద్దలు అరికాలి మీదే పడతాయి.

ఎన్నాళ్ళకు మానుతుంది? చిన్న పొక్కు రెండు మూడు వారాలు. డాక్టరు కోసినదైతే నెలలు. నల్లటి పొక్కు దానంతట అది ఊడి, కింద లేత చర్మం కనిపించి, బాతు రెండు కాళ్ళూ సమంగా మోపి నడిచిందంటే ఆ కాలు గండం గట్టెక్కినట్టే. అప్పుడు బాతును మళ్ళీ ఒళ్ళోకి తీసుకుని రెండో కాలు తిప్పి చూడండి. ఇన్నాళ్ళూ బరువంతా మోసింది అదే.